గని మూసినాక ఆ బురద ఎవరిది?

బోరు నీళ్లు పారిన మడి ఆరినాక పైన తెల్లగా పొడి తేలిందంటే రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నేల చౌడు పడుతోందని తెలిసిపోతుంది. పాదులో నీరు ఇంకదు, ఎండితే నేల పెళ్లలు లేస్తుంది, అరటి ఆకు అంచులు మాడతాయి. అప్పుడు రైతు మట్టి, నీరు పట్టుకుని భూసార పరీక్షా కేంద్రానికి పోతాడు. వాళ్లు జిప్సం వేయమంటారు, మంచి నీళ్లు పెట్టి ఉప్పును కిందికి దించమంటారు. ఇది మనకు తెలిసిన జబ్బు, తెలిసిన మందు.

కానీ ఆ ఉప్పు మన పొలంలో పుట్టింది కాక, ఎగువ నుంచి నేల అడుగున నడిచి వస్తున్నదైతే ఏం చేయాలి? ఎన్ని బస్తాల జిప్సం వేసినా, ఊట ఆగనంతవరకు లాభం లేదు. మొదట ఊటను కట్టాలి. కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె యురేనియం కర్మాగారం బురద విషయంలో రైతాంగం పట్టుబట్టవలసిన మాట ఇదే. గని ఉండాలా, పోవాలా అనే వాదన ఏళ్ల తరబడి నడుస్తోంది. అది వేరే సంగతి. గని ఈరోజే మూసినా, ఇంకో ముప్పై ఏళ్లు నడిచినా, ఇప్పటికే పోసిన బురద అక్కడే ఉంటుంది. దాన్ని కదలకుండా, కరగకుండా కట్టిపెట్టే పని ఎవరు, ఎప్పుడు, ఏ డబ్బుతో చేస్తారు? రచ్చబండ దగ్గర కూచునే పెద్దాయన భాషలో చెప్పాలంటే, "గని మూసినాక ఆ బురద ఎవురిదప్పా?"

ట్రాలీల లెక్కలో చూస్తే

తుమ్మలపల్లె ఖనిజం చాలా పలచనిది. టన్ను రాయి తవ్వితే అందులో యురేనియం అరకిలో కూడా ఉండదు. మిగిలిందంతా పిండిగా నూరిన రాతిబురదే. 2012లో పని మొదలుపెట్టిన ఈ కర్మాగారానికి రోజుకు 3,000 టన్నుల ఖనిజాన్ని శుద్ధి చేసే సామర్థ్యం ఉంది. ట్రాక్టరు ట్రాలీకి మూడు టన్నులు వేసుకుంటే రోజుకు వెయ్యి ట్రాలీలు. ఏడాదిలో 300 రోజులు పూర్తిగా నడిస్తే 9 లక్షల టన్నులు. ఈ బురదను గొట్టాల గుండా పంపి, కొట్టాల దగ్గర కొండల నడుమ కట్ట వేసిన గుంతలో పోస్తారు. దానినే టెయిలింగ్ పాండ్ అంటున్నారు.

తెలుగులో మనం దాన్ని చెరువు అనేస్తాం గాని, అది చెరువు కాదు. చెరువులో నీరు ఇంకితే చుట్టుపక్కల బావులకు ఊట పెరుగుతుందని సంతోషిస్తాం. ఈ గుంతలో చుక్క కూడా ఇంకకూడదు. చెరువు అలుగు పారితే పండగ. ఇక్కడ అలుగు పారితే అనర్థం. పేరు ఒకటే అయినందువల్ల ఈ తేడా చాలామంది మనసుకు ఎక్కడం లేదు.

"యురేనియం తీసేసినారు కదా, ఇంక బురదలో ఏముంది?" అని అడిగేవాళ్లున్నారు. యురేనియం కోట్ల ఏళ్లుగా క్షీణిస్తూ రాతిలోనే థోరియం, రేడియం వంటి పదార్థాలను పుట్టిస్తుంది. కర్మాగారం తీసుకునేది యురేనియం ఒక్కదానినే. ఈ పిల్ల పదార్థాలన్నీ బురదలోనే మిగిలిపోతాయి. ఖనిజంలో ఉన్న మొత్తం రేడియోధార్మికతలో సుమారు 85 శాతం బురదతోనే పోతుందని నిపుణుల లెక్క. రేడియం సగానికి తగ్గడానికి 1,600 సంవత్సరాలు పడుతుంది. ఆ రేడియాన్ని కంటూ ఉండే థోరియం సగం కావడానికి దాదాపు 75 వేల సంవత్సరాలు కావాలి. కాకతీయుల చెరువులకే ఇంకా వెయ్యేళ్లు నిండలేదు. కాబట్టి ఈ కట్ట ఐదేళ్ల టెండరు పనికి సంబంధించిన విషయం కాదు.

సోడా తెచ్చే చిక్కు

ఇక్కడి బురదకు ఒక ప్రత్యేక గుణముంది. దాన్ని రైతు తప్పక తెలుసుకోవాలి. జార్ఖండ్‌లోని జాదుగూడలో ఖనిజాన్ని గంధకామ్లంతో కరిగిస్తారు. అక్కడి బురదకు సున్నం కలిపి ఆమ్ల గుణం విరగ్గొడతారు. తుమ్మలపల్లెలో రాయి డోలమైట్. సున్నపురాయి జాతి. ఆమ్లం పోస్తే ఆ రాయే మొత్తం తాగేస్తుంది. అందువల్ల ఇక్కడ సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు కలిపి వేడి మీద, ఒత్తిడి మీద యురేనియాన్ని కరిగిస్తారు. అంటే ఇది సోడా పద్ధతి. చాకలి సోడా ఏమిటో మనకు తెలుసు, చౌడు నేలలో ఉండే ఉప్పూ అదే కుటుంబం.

దీనివల్ల రెండు చిక్కులు. మొదటిది, బురద నీరు ఊరితే రేడియోధార్మికత సంగతి తేలకముందే సోడియం ఉప్పులు ముందుగా బోర్లలోకి చేరవచ్చు. పంటను ముందు దెబ్బతీసేది ఉప్పే. అరటి అసలే ఉప్పుకు తట్టుకోలేని పంట. రెండవది ఇంకా పెద్దది. మామూలు నీటిలో యురేనియం చాలావరకు బంకమట్టికి, ఇనుప తుప్పు కలిసిన ఎర్రమట్టికి అంటుకుని ఆగిపోతుంది. కార్బొనేటు ఎక్కువున్న నీటిలో మాత్రం మట్టి పట్టు వదిలి నీటితోబాటే నడుస్తుంది. కాబట్టి "అడుగున మట్టి ఉంది, అదే వడగట్టేస్తుంది" అనే భరోసా ఇక్కడ చాలదు. అడుగు నుంచి నీరు పోకుండా చూడడమే అసలు మందు.

పశువులున్న ఇంటికి మరో మాట. ఈ ఖనిజంలో మాలిబ్డినం కూడా ఉంది. అది కూడా క్షార నీటిలో సులువుగా కదిలేదే. మాలిబ్డినం మితిమీరిన మేత మేస్తే పశువుల ఒంట్లో రాగి తగ్గిపోతుంది. పారుడు పట్టుకుంటుంది, చిక్కిపోతాయి, వెంట్రుకల రంగు వెలిసిపోతుంది. బర్రె పాలు తగ్గినప్పుడల్లా యురేనియమే కారణమని అనుకోవద్దు గాని, నీటి పరీక్షలో మాలిబ్డినం పేరు కూడా ఉండాలని అడగడం తప్పు కాదు.

కట్టడి అంటే నాలుగు పనులు

బురదను స్థిరపరచడం అంటే చుట్టూ ముళ్లకంచె వేసి హెచ్చరిక బోర్డు పెట్టడం కాదు. అందులో నాలుగు పనులున్నాయి.

ఒకటి, పడక. గుంత అడుగున, పక్కల్లో బంకమట్టి దిమ్మిస చేసి, దానిమీద ప్లాస్టిక్ పట్టా పరచాలి. నీటికుంట తవ్వి పట్టా వేసుకునే ఉద్యాన రైతుకు ఈ పని కొత్త కాదు. పట్టాకు ఎక్కడ చిన్న చిరుగు పడ్డా కుంట నిలవదని అతనికి అనుభవమే. కొట్టాల గుంత విషయంలో 2019 ఆగస్టులో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి కర్మాగారానికి షోకాజు నోటీసు ఇచ్చింది. బెంటొనైట్ మట్టి, పాలిథీన్ పట్టా పరచాలన్న షరతు ప్రకారం పని జరగలేదన్నది అందులోని ముఖ్యమైన అభ్యంతరం. అంతకు ముందు నుంచే కొట్టాల, కనంపల్లె, మబ్బుచింతలపల్లె రైతులు బోర్లు చెడిపోతున్నాయని, తోటలు పోతున్నాయని మొరపెట్టుకుంటున్నారు. సంస్థ మాత్రం గుంత సురక్షితమేనని చెబుతూ వచ్చింది. ఎవరి మాట నిజమో తేల్చవలసింది నీటి లెక్కలే. పడక వేయకుండా పోసిన బురద కిందికి ఇప్పుడు పట్టా దూర్చలేము. అందుకే మిగతా మూడు పనులకు విలువ పెరిగింది.

రెండు, నీరు దించడం. గుంతలో నీరు ఎంత ఎత్తున నిలిస్తే అడుగున అంత ఒత్తిడి పెరుగుతుంది, అంతగా ఊరుతుంది. పైన తేలిన నీటిని ఎప్పటికప్పుడు తోడి కర్మాగారానికే తిప్పి పంపాలి. వీలైతే బురదను ముందే పిండి, గట్టి ముద్దగా చేసి పోయాలి. కొండమీద కురిసిన వాన నీరు గుంతలోకి దిగకుండా చుట్టూ కాలువ తీసి పక్కకు మళ్లించాలి. సన్నబురద ఏళ్ల తరబడి జిగురులా నిలిచిపోతుంది. దానిలో నిలువుగా వత్తుల వంటి పట్టీలు దించి నీరు పైకి పిండే పద్ధతిని జర్మనీలో వాడారు. ఆరి గట్టిపడిన బురదే మూతను మోస్తుంది.

మూడు, కదిలే విషాన్ని దారిలో పట్టుకోవడం. ఇప్పటికే ఊరిన నీటికి అడ్డంగా లోతుగా కందకం తవ్వి, అందులో ఇనుప రజను నింపితే, నీరు దాని గుండా పోయేటప్పుడు యురేనియం కరగని రూపంలోకి మారి అక్కడే నిలిచిపోతుంది. అమెరికాలోని మాంటిసెల్లో దగ్గర 1999లో ఇలాంటి గోడ కట్టారు. యురేనియాన్ని బాగానే పట్టింది గాని, కొన్నేళ్లకు సుద్ద పేరుకుని నీరు పోవడం తగ్గింది. డ్రిప్పు పైపులు సుద్ద పట్టి పూడిపోయినట్లే. ఫాస్ఫేటుతో కట్టే పద్ధతి కూడా ఉంది గాని, కార్బొనేటు ఎక్కువున్న నీటిలో దాని పట్టు తగ్గుతుంది. కాబట్టి ఏ మందైనా ముందు ఇక్కడి నీటితోనే పరీక్షించి చూడాలి. ఒక్కసారి కట్టి వదిలేస్తే సరిపోదు, చూసుకునే మనిషి ఉండాలి.

నాలుగు, మూత. గుంత నిండినాక పైన బంకమట్టి, దానిపై మన్ను, ఆపై రాళ్లు లేదా గడ్డి పరిచి, వాన లోపలికి దిగకుండా, ధూళి లేవకుండా, రేడాన్ వాయువు బయటికి రాకుండా చూడాలి. బంకమట్టి ఎండి నెర్రెలు ఇస్తే, లేక లోతు వేళ్ల చెట్లు మొలిచి మట్టిని తొలిస్తే ఆ మూత జల్లెడవుతుంది. అమెరికాలో కొన్నిచోట్ల ఇదే జరిగింది. అందుకే మాంటిసెల్లోలో మందమైన మట్టి పొర పరిచి, వాన నీటిని గడ్డి వేళ్లే పీల్చి గాలిలోకి వదిలేసే పద్ధతి పెట్టారు. వాన తక్కువైన సీమకు ఈ పద్ధతి నప్పుతుందేమో చూడదగినది. అయితే మన వాన ఏడాదంతా సన్నగా కురిసేది కాదు. తుఫాను వస్తే రెండు రోజుల్లో కుమ్మరించి పోతుంది. మూతైనా కట్టైనా ఆ రెండు రోజులకు తట్టుకునేలా ఉండాలి. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి ఎన్ని ఊళ్లు అల్లాడాయో మనం మరవలేదు. ఇంకో మాట, ఆ మూత మీద ఎంత పచ్చగా గడ్డి మొలిచినా గొర్రెలను తోలరాదు. అది మేత బీడు కాదు.

ముందు పడ్డవాళ్ల అనుభవం

ఈ విషయంలో అజాగ్రత్త ఎక్కడికి తీసుకుపోతుందో ఇతర దేశాలు ముందే చూశాయి. 1979 జూలై 16న అమెరికాలోని న్యూమెక్సికోలో చర్చ్‌రాక్ దగ్గర యురేనియం బురద కట్ట తెగింది. 1,100 టన్నుల బురద, 9 కోట్ల గ్యాలన్లకు పైగా విషపు నీరు పుయెర్కో వాగులో కలిసింది. ఆ వాగు పక్కన గొర్రెలు మేపుకు బతికే నవాహో తెగవారి నీటికి చేటు వచ్చింది. కట్టకు బీటలు అంతకు ముందే కనిపించాయి. మన దేశంలోనూ 2006 డిసెంబరులో జాదుగూడలో బురద మోసే గొట్టం పగిలి వాగులోకి పారింది.

యూటా రాష్ట్రంలోని మోయాబ్ కథ మనకు మరీ ముఖ్యం. కొలరాడో నది ఒడ్డునే 1 కోటి 60 లక్షల టన్నుల బురద గుట్ట మిగిలింది. అడుగున పట్టా లేదు. నదిలోకి ఊట. నడిపిన కంపెనీ 1998లో దివాలా తీసింది. పూచీగా పెట్టిన సొమ్ము చాలలేదు. చివరకు ప్రభుత్వమే నెత్తిన వేసుకుని, 2009 నుంచి ఆ గుట్టను రైలు పెట్టెల్లో నింపి 30 మైళ్ల అవతలికి తరలించే పని పెట్టుకుంది. మొదట్లో పడక మీద మిగుల్చుకున్న డబ్బు చివర్లో రైలు కిరాయికి ఎన్ని రెట్లు పోయి ఉంటుందో ఆలోచించండి.

జర్మనీలో సాక్సనీ, తురింగియా ప్రాంతాల్లో సోవియట్ కాలపు యురేనియం గనులు 1990 చివరకు ఆగిపోయాయి. వాటిని శుద్ధి చేయడానికి అక్కడి ప్రభుత్వం 1,300 కోట్ల మార్కులు కేటాయించింది. తరం గడిచినా పని పూర్తిగా ముగియలేదు. కానీ అక్కడ ఒక మంచి ఉంది. డబ్బు పెట్టారు, బాధ్యత ఫలానా వారిదని రాశారు. అమెరికాలో కూడా 1978లో ఈ బురదల కోసం ప్రత్యేక చట్టం వచ్చింది. సాధ్యమైనంతవరకు వెయ్యేళ్లు, ఎట్టి పరిస్థితిలోను 200 ఏళ్లు నిలిచేలా కట్టడి చేయాలన్నది అక్కడి నిబంధన. మన గుంతకు ఎన్నేళ్ల లెక్క వేశారో కట్ట కింది రైతుకు చెప్పాలి కదా!

నీటి లెక్క మన చేతిలో ఉండాలి

ఈ ప్రాంతపు రాళ్లలోనే యురేనియం ఉంది, బోరు నీళ్లలో అది సహజంగానే ఉంటుంది అనే వాదన వినిపిస్తుంటుంది. అందులో నిజం లేకపోలేదు. సీమలో గనులు లేని చోట కూడా కొన్ని బోర్లలో యురేనియం కనిపిస్తుంది. అందుకనే ఒక్కరోజు తెచ్చిన ఒక్క సీసా నీళ్లతో ఎవరూ గెలవలేరు. గుంతకు ఎగువ బోరు, దిగువ బోరు, దూరపు బోరు ఏటా రెండుసార్లు, వానకు ముందు, వాన తర్వాత, పరీక్ష చేయించి వరుసగా రాసిపెట్టాలి. దిగువ బోరులో మాత్రమే ఏటికేడు పెరుగుతూ పోతే అది రాతి గుణం అనడానికి వీల్లేదు.

నమూనా తీసేటప్పుడు మోటారు పది పదిహేను నిమిషాలు ఆడించి, అదే నీటితో సీసాను రెండు మూడుసార్లు కడిగి, నిండా పట్టి మూత బిగించాలి. తేదీ, సర్వే నంబరు, బోరు లోతు రాయాలి. ఒకే నీటిని రెండు సీసాల్లో పట్టి రెండు వేర్వేరు ప్రయోగశాలలకు ఇస్తే తగువుకు తావుండదు. మామూలు భూసార కేంద్రంలో యురేనియం చూడరు గాని, ఉప్పు సాంద్రత, ఉదజని సూచిక, మిగులు సోడియం కార్బొనేటు చూస్తారు. మిగులు సోడియం కార్బొనేటు లీటరుకు 2.5 మిల్లీ ఈక్వివలెంట్లు దాటితే ఆ నీరు సాగుకు పనికిరాదు. సోడా పద్ధతి బురద దగ్గర ఈ అంకె ముందు హెచ్చరిక గంట. ఇది మోగితే యురేనియం పరీక్షకు పట్టుబట్టాలి. తాగే నీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన హద్దు 60 మైక్రోగ్రాములు. కాగితం చేతికి వచ్చినప్పుడు ఏ హద్దుతో పోల్చి "బాగుంది" అన్నారో చూసుకోవాలి.

మనం అడగవలసింది

దేశానికి కరెంటు కావాలి, గనిలో మన పిల్లలకు పని కావాలి. ఇవి కాదనలేని మాటలే. భూములిచ్చిన కుటుంబాలలో ఉద్యోగం కోసం ఎదురుచూసే వాళ్లూ ఉన్నారు, బోరు చెడిందని ఏడ్చే వాళ్లూ ఉన్నారు. చాలాసార్లు అన్న ఒకవైపు, తమ్ముడు ఒకవైపు. బురదను కట్టడి చేయమనే కోరిక ఈ ఇద్దరినీ కలుపుతుంది. ఆ పనికీ మనుషులు కావాలి, అదీ ఉపాధే.

కాబట్టి గ్రామసభల్లో, రైతు సంఘాల్లో నాలుగు తీర్మానాలు చేయవలసి ఉంది. ఇప్పుడున్న గుంత నుంచి ఊట ఎంత, ఎటు పోతోందో సంస్థతో సంబంధం లేని నిపుణులు తేల్చాలి. కొత్త గుంత తవ్వినా, ఉన్న కట్ట ఎత్తు పెంచినా, పడక పనిని రైతు ప్రతినిధుల ఎదుట తనిఖీ చేశాకే బురద పోయాలి. నీటి పరీక్షల ఫలితాలు ఊరివారీగా, బోరువారీగా తెలుగులో పంచాయతీ గోడకు అంటించాలి. అన్నిటికన్నా ముఖ్యం, గని మూసిన తర్వాత మూత వేయడానికీ, ఆపైన కాపలా కాయడానికీ కావలసిన డబ్బును గని నడుస్తున్నప్పుడే, ఖనిజం టన్నుకు ఇంత అని, వేరే ఖాతాలో పక్కన పెట్టాలి. లాభం వచ్చే రోజున తీయని డబ్బు గని మూసే రోజున దొరకదు. మోయాబ్ చెప్పిన పాఠం అదే.

మన జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు 1369 నాటిది. దాని పక్కన వేయించిన శాసనంలో చెరువుకు ఉండవలసిన లక్షణాలతోబాటు ఆరు దోషాలను కూడా చెప్పారు. కట్ట నుంచి నీరు ఊరడం అందులో ఒక దోషం. చౌడు నేల మరొకటి. ఆరున్నర శతాబ్దాల కిందట మంచినీటి చెరువు కట్టేవారే ఇంత ముందుచూపుతో రాతిమీద రాయించి పెట్టారు. వేల ఏళ్లు నిలిచి ఉండే విషపు బురదకు ఈనాడు కట్ట వేసేవారు కనీసం ఒక కాగితం మీదైనా రాసివ్వాలి, ఈ బురద మాది, ఇది ఊరకుండా చూసే పూచీ మాది అని. ఆ కాగితం చేతికి వచ్చేదాకా రైతు ఆ ప్రశ్న అడుగుతూనే ఉండాలి.